నాలుగు వందల పన్నెండో పంచనామా

రాజ్యమనే మహాసౌధాన్ని మోసే స్తంభాలు ఎన్ని అన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. కొందరు మూడంటారు, కొందరు నాలుగంటారు. ఈ కథ జరిగిన వీధిలో మాత్రం స్తంభం ఒక్కటే. అది పోలీసు స్టేషనుకు ఎదురుగా, ఎనిమిదడుగుల వెడల్పున్న కొట్టులో, తొక్కుడు మిషను ముందు కూర్చుని, పెదవుల మధ్య రెండు గుండుసూదులు బిగించుకుని, ఖాకీ పాంట్లకు అంచులు మడిచి కుడుతూ ఉండేది.

వీధి వీధంతా ఆ దర్జీని పెద్దమనిషి అనేది. కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి లేకపోలేదు గాని, ఇరవై రెండేళ్లుగా వాడకం లేక అది అటకెక్కింది. ఈ బిరుదు ఆయనకు దక్కిన వైనం చిత్రమైనది. చట్టం పోలీసులను పూర్తిగా నమ్మదు. అది దాని తెలివి. అందుకే ఎవరి ఇల్లు సోదా చేసినా ఆ చుట్టుపక్కల నివసించే గౌరవనీయుడొకడు దగ్గర నిలబడాలనీ, ఫలానా వస్తువు ఫలానా చోట దొరకగా కళ్లారా చూశానని పంచనామా కాగితం మీద సంతకం చేయాలనీ శాసించింది. గౌరవనీయుణ్ణి ఎక్కడ వెతికి పట్టుకోవాలో మాత్రం చెప్పలేదు. స్టేషను గుమ్మంలో నిలబడి తలెత్తితే ఎదురుగా కనిపించేవాడు దర్జీ. వెతుకులాట అక్కడితో ముగిసింది.

అప్పటినుంచి ఆయన నాలుగు వందల పదకొండు పంచనామాల మీద సంతకం చేశాడు. వాటిలో నాలుగు వందల పైచిలుకు సోదాలను ఆయన తన ముక్కాలిపీట మీదినుంచి లేవకుండానే కళ్లారా చూశాడు. స్టేషను రైటరు కాగితాలు పట్టుకుని రోడ్డు దాటి వచ్చేవాడు. పెద్దమనిషి సూదులు నోట్లోంచి తీయకుండానే సంతకం గిలికేవాడు. సంతకానికి ముందు చదవడమనే దురలవాటు ఆయనకు లేదు. రెండో సాక్షి టీకొట్టు తాత పోయి రెండేళ్లు దాటినా, ఆ తాత సంతకం మాత్రం కాగితాల మీద నిక్షేపంగా పడుతూనే ఉండేది. కనుక బతికున్న ఆధారమల్లా పెద్దమనిషి ఒక్కడే.

దొంగలను అదుపులో పెట్టాలంటే గోడలు, తాళాలు, తుపాకీ పట్టిన కాపలావాళ్లు కావాలి. పెద్దమనిషికి అవేవీ అక్కర్లేకపోయాయి. ఆ బిరుదే చాలింది. ఒకసారి పళ్లబండివాడు కుళ్లిన దానిమ్మ అంటగడితే ఆయన గొంతు కాస్త పైకి లేచింది. లేచీ లేవకముందే రైటరు చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చాడు.

"బాబాయ్, మీరు అరవకూడదు."

"కుళ్లిన పండిచ్చాడయ్యా."

"తినెయ్యండి. మీమీద ఒక్క తగాదా కేసు పడిందనుకోండి, రేపు కోర్టులో వాళ్ల లాయరు లేచి, 'వీధిలో కొట్లాడే ఈయనా గౌరవనీయుడు' అంటాడు. ఒక్క సంతకం చెడితే నాలుగొందలూ చెడతాయి. లోపలున్నవాళ్లందరూ బయటికొస్తారు. వచ్చి ముందు మీ కొట్టుకే వస్తారు, దండ వెయ్యడానికి."

పెద్దమనిషి దానిమ్మ తిన్నాడు. ఆ తరువాత క్యూలో ఎవరు ముందు దూరినా చిరునవ్వు నవ్వాడు. సినిమాహాల్లో ఈల వేయలేదు. పక్కవాడి కాలు తన కాలిమీద పడితే తానే క్షమాపణ చెప్పుకున్నాడు. ఆయన భార్య ఇదంతా చూసి ఒకటే మాట అంది: "లోపలున్నవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు విడుదలుంటుందండీ. మీకదీ లేదు." అయితే ఆసుపత్రిలోనూ రేషను క్యూలోనూ పెద్దమనిషిగారి భార్య అనగానే ఎవరో ఒకరు లేచి కుర్చీ ఇచ్చేవారు. ఆ కుర్చీని ఆమె ఏనాడూ కాదనలేదు.

ఇంతటి సహనమూర్తికి పరీక్ష పక్కింట్లోంచి వచ్చింది. అక్కడ ఉండేది తక్కెడ మాస్టారు. ఆయన తూనికలూ కొలతల శాఖలో ముప్ఫై ఏళ్లపాటు దుకాణాల తక్కెళ్లు తనిఖీ చేసి రిటైరయ్యాడు. ఆపైన జీవితంలో తూకానికి అందనిదేదైనా సాధించాలని సంకల్పించి ఒక హార్మోనియం పెట్టె కొన్నాడు. ప్రతి ఉదయం ఏడింటికి సాధన మొదలయ్యేది. సరిగమలు బుద్ధిగా నాలుగు మెట్లెక్కేవి. అయిదో మెట్టు దగ్గర పెట్టె గొంతుకు ఏదో అడ్డుపడేది. మాస్టారు తిరిగి మొదటినుంచి ఎత్తుకునేవాడు. మూడేళ్లుగా ఆ వీధిలో ఆరో స్వరం విన్నవాడు లేడు.

పెద్దమనిషి ఒకసారి మర్యాదగా మొరపెట్టుకున్నాడు. "మాస్టారూ, మీ పెట్టె రోజూ వినబడుతోందండీ."

"అలాగా పెద్దమనిషిగారూ," అని మాస్టారు కరిగిపోయాడు. "వినేవాళ్లున్నారని తెలిస్తే సాయంత్రం కూడా వాయించేవాణ్ణి కదా."

ఆనాటినుంచి సాయంత్రం కూడా వాయించాడు. గట్టిగా అడిగితే తగాదా. తగాదా అయితే కేసు. కేసయితే నాలుగు వందల పదకొండు. పెద్దమనిషి పళ్లు బిగపట్టుకుని మిషను తొక్కాడు. క్రమంగా ఆయన కాలు కూడా నాలుగు తొక్కులు తొక్కి అయిదోదానికి ఆగడం మొదలుపెట్టింది.

దాని ఫలితం ఎవరి మీద పడాలో వారి మీదే పడింది. స్టేషనుకు కొత్తగా ఒక ఇన్‌స్పెక్టరు వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయేమో, మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆమె కుట్టించుకున్న మొదటి యూనిఫాం పాంటుకు కుడికాలు అంగుళమున్నర పొట్టిగా వచ్చింది. ఆమె కొట్టు గుమ్మంలో నిలబడి, సొంత టేపు తీసి రెండు కాళ్లూ కొలిచి, "తేడా నా కాళ్లలో ఉందా, మీ కుట్టులో ఉందా?" అని మెల్లిగా అడిగి వెళ్లిపోయింది. ఇరవై రెండేళ్లలో పెద్దమనిషి పనిని వేలెత్తి చూపినవారు లేరు. ఆ మధ్యాహ్నం ఆయన అన్నం సహించక లేచిపోయాడు.

మర్నాడు మంగళవారం. మాస్టారు కళ్లడాక్టరు దగ్గరికి బయలుదేరుతూ, "తాళం వెయ్యడం లేదండీ, గొళ్లెం పెట్టానంతే. ఎదురుగా పోలీసులు, పక్కన మీరు. ఇల్లు కాస్త చూస్తుండండి," అని చెప్పి వెళ్లాడు.

పెద్దమనిషి చూశాడు. చాలాసేపు చూశాడు. తరువాత చుట్టిపెట్టిన ఖాకీ గుడ్డ తాను ఒకటి చంకన పెట్టుకుని, గొళ్లెం తీసి లోపలికి వెళ్లి, హార్మోనియాన్ని దాంట్లో చుట్టుకుని బయటికి వచ్చాడు. గుమ్మంలో కాలు తడబడితే, ఎదుటి స్టేషను సెంట్రీ చూసి తుపాకీ భుజాన వేసుకుని పరుగున వచ్చి, "ఒక్కరే మోస్తున్నారేంటి బాబాయ్," అంటూ కొట్టు తెర ఎత్తి పట్టుకున్నాడు. ఈ విధంగా ప్రభుత్వ సహకారంతో దొంగతనం సంపూర్ణమయింది. పెట్టె కొట్టు మూలనున్న ఖాకీ గుడ్డల గుట్ట కిందికి చేరింది.

సాయంత్రం మాస్టారు ఏడుపొక్కటే తక్కువగా కొట్టుకు వచ్చాడు. "మీరు తోడు రాకపోతే నా మాట ఎవరు నమ్ముతారు పెద్దమనిషిగారూ," అని చెయ్యి పట్టుకున్నాడు. అందుచేత ఆ దొంగతనం మీద ఫిర్యాదు ఇచ్చేటప్పుడు పక్కన కూర్చుని మాస్టారు వీపు నిమిరింది దొంగే. కాగితం చివర సాక్షి సంతకం కూడా ఆయనదే.

ఇన్‌స్పెక్టరు ఫిర్యాదు రెండుసార్లు చదివింది. "రేపు పొద్దున వీధి మొత్తం సోదా చేద్దాం. ఆ చివర ఇంటినుంచి మొదలు. పంచనామా ముందుగా రాయొద్దు. సాక్షి నడిచి రావాలి, చూడాలి, చదవాలి, ఆ తరువాతే సంతకం."

రైటరు ఈ విప్లవ ధోరణికి నిర్ఘాంతపోయాడు. "బాబాయ్‌కి మోకాళ్ల నొప్పులు మేడమ్."

"నడిస్తే తగ్గుతాయి," అంది ఇన్‌స్పెక్టరు.

వీధిలో పదకొండు ఇళ్లు. పదకొండోది పెద్దమనిషిది, ముందు కొట్టు, వెనక కాపురం. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడి సామెత అందరికీ తెలిసిందే. పెద్దమనిషి అంత అమాయకుడు కాడు. ఆయన ఇతరుల భుజాలు తడమడం మొదలుపెట్టాడు. తన వంతు రాకముందే పొద్దు వాలిపోతే చాలు, ఇన్‌స్పెక్టరు విసుగెత్తి వెనక్కి తిరుగుతుంది. వెనక్కి తిరిగితే పరువు నిలుస్తుంది. అందుచేత మొదటి ఇంట్లో పరుపు కిందా, రెండో ఇంట్లో నీళ్ల డ్రమ్ములోనూ చూడాలని పట్టుబట్టాడు. మూడో ఇంట్లో పిండి డబ్బా మూత తీయమన్నాడు.

"హార్మోనియం పిండి డబ్బాలో పడుతుందా బాబాయ్?" అన్నాడు రైటరు చెమట తుడుచుకుంటూ.

"ఊడదీసి పెట్టొచ్చు కదయ్యా. న్యాయం దగ్గర తొందర పనికిరాదు."

పిండిలో ఒక చేతిగడియారం దొరికింది. పోయిందని చెప్పి అత్తగారు కోడలి మీద నింద వేసిన గడియారమది. నాలుగో ఇంట్లో ముప్ఫై ఏళ్ల కిందట గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకాలు పదమూడు దొరికాయి. ఆరో ఇంట్లో వీధిదీపం బల్బులు ఒక పెట్టెడు. ఆ ఇల్లు నగరపాలక సంస్థ ఎలక్ట్రీషియన్‌ది. ఎనిమిదో ఇంటి వరండాలో ముసలాయన దర్జాగా కూర్చున్న కుర్చీని పెద్దమనిషి లేపించి తిరగేయించాడు. అడుగున తెల్ల రంగుతో స్టేషను నంబరు వేసి ఉంది. రైటరు దాన్ని చూసి, "ఇది పోయిందని నా జీతంలో కోశారు," అని కుర్చీని కావలించుకున్నంత పని చేశాడు.

మధ్యాహ్నం రెండయ్యేసరికి ఆ వీధిలో హార్మోనియం తప్ప పోయినవన్నీ దొరికాయి. ఎవరి గుమ్మంలో వాళ్లు తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు. ఇంత శాంతి, ఇంత క్రమశిక్షణ ఆ వీధి చరిత్రలో ఎన్నడూ నమోదు కాలేదు. ఇన్‌స్పెక్టరుకు విసుగు రాకపోగా మొహంలో కళ వచ్చింది. "ఇంత శ్రద్ధ ఉన్న సాక్షిని నేనెక్కడా చూడలేదు," అంది పెద్దమనిషితో. ఆయన తలెత్తి పొద్దు ఎంత వాలిందో చూసుకున్నాడు.

పదకొండో ఇల్లు వచ్చింది.

"ఇదెందుకు మేడమ్, బాబాయ్ మనవాడే," అన్నాడు రైటరు.

"అందరివీ చూసి ఆయనది వదిలేస్తే ఆయన గౌరవానికే లోటు," అంటూ ఇన్‌స్పెక్టరు లోపలికి వచ్చింది. ఎనిమిదడుగుల కొట్టు. ఒక మిషను, గోడకు కత్తెరలు, మేకుకు వేలాడే టేపు, నేలమీద సుద్దబిళ్లల పొడి. చూడడానికేముంది? మాస్టారు గుమ్మం దగ్గర నిట్టూర్చాడు. పొద్దుటినుంచి నిలబడ్డ ఇన్‌స్పెక్టరు, "అయిపోయినట్టే," అని, మూలనున్న ఖాకీ గుట్టమీద కూర్చుంది.

గుట్ట మూలిగింది.

దొంగిలించిన కంగారులో పెద్దమనిషి పెట్టె గాలితిత్తికి గొళ్లెం వేయలేదు. మూలుగు ఒకటో స్వరంతో మొదలై, బరువు సర్దుకున్నకొద్దీ మెట్లెక్కి, అయిదో దగ్గర ఆగింది. మాస్టారు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "నా పెట్టే," అన్నాడు, తప్పిపోయిన బిడ్డ గొంతు విన్నవాడిలా.

ఇన్‌స్పెక్టరు లేచి గుడ్డలు తొలగించింది. చూసింది. పెద్దమనిషి వైపు చూసింది. రైటరు ఆమెను మిషను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. కొట్టు ఎనిమిదడుగులదే కాబట్టి ప్రతి మాటా అందరికీ వినబడింది. రెండు నిమిషాల్లో ప్రభుత్వ ప్లీడరు ఫోనులోకి వచ్చాడు.

"వస్తువు ఆయన కొట్టులోనే దొరికింది సార్," అంది ఇన్‌స్పెక్టరు.

"ఎవరి సమక్షంలో?"

"ఆయన సమక్షంలోనే."

"అయితే జాగ్రత్తగా వినమ్మా. ఆయన దొంగైతే, సాక్షి దొంగ. సాక్షి దొంగైతే సాక్ష్యం చెల్లదు. సాక్ష్యం చెల్లకపోతే ఆయన దొంగ కాడు. దొంగ కాకపోతే గౌరవనీయుడే. చట్టం ఎటు తిప్పినా ఆయన్ని అక్కడికే తెస్తోంది, మనమేం చేస్తాం? ఇక ఆ నాలుగు వందల పదకొండు సంగతి. అవి చెడితే పై కోర్టులో నా మొహం చూపించలేను. ఖాళీ జైలుకు కాపలా కాయలేక సూపరింటెండెంటు నన్ను తిడతాడు. ఆయన బాగానే ఉన్నాడా? నీడలో కూర్చోబెట్టండి."

పెద్దమనిషి ఈ మాటలన్నీ విన్నాడు. పొద్దుటినుంచి ఏ పరువు కోసం పదిళ్ల పిండి కెలికాడో, ఆ పరువు ఇప్పుడు ఆయన చేతుల్లో లేదని తెలిసిపోయింది. ఆ ఎరుకతోపాటే ఒక విపరీతమైన ఆశ పుట్టింది. దొంగనని ఒప్పుకుంటే? ఇక సంతకాలుండవు. పళ్లబండివాడితో గొంతు చించుకోవచ్చు. సినిమాహాల్లో ఈల వేయవచ్చు. మాస్టారు కిటికీ దగ్గర నిలబడి, ఆపవయ్యా మహానుభావా అనవచ్చు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆయన వెన్ను నిటారుగా నిలిచింది.

"మేడమ్, ఆ పెట్టె నేనే తీశాను."

"ఎండదెబ్బ," అన్నాడు రైటరు వెంటనే.

"ఎండదెబ్బ కాదయ్యా. మంగళవారం మధ్యాహ్నం, ఈ చేతులతో తీశాను. సెంట్రీని అడుగు. తెర ఎత్తి పట్టుకుంది అతనే."

గుమ్మంలోని సెంట్రీ ఆకాశం వైపు చూశాడు. రైటరు ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి, కళ్లు చెమర్చినట్టు ముక్కు ఎగబీల్చాడు. "చూశారా మేడమ్. ఎవడో చేసిన తప్పు తన నెత్తిన వేసుకుంటున్నాడు. అందుకే వీధంతా ఆయన్ని పెద్దమనిషంటుంది."

అప్పుడు వెనకగది తెర తొలగింది. పెద్దమనిషి భార్య బయటికి వచ్చింది. ఆమె చేతిలో ఎర్ర ముఖమల్ తొడుగు ఒకటి ఉంది. నాటకాలవాళ్ల కోటుకు తెచ్చిన గుడ్డలో మిగిలిన ముక్క. అంచులకు పసుపు దారంతో చేతికుట్టు.

"ఒక్క గుండీ మిగిలింది, ఈలోపే పట్టేశారా?" అంది నింపాదిగా. "మాస్టారూ, మీ పెట్టె దుమ్ము కొట్టుకుపోతోందని ఈయనకు ఒకటే బెంగ. మీకు చెప్పకుండా తెచ్చి, తొడుగు వేసి, తిరిగి అక్కడే పెట్టేద్దామనుకున్నారు. చెప్పకుండా తీసుకున్నందుకు దొంగతనమని ఒప్పేసుకుంటున్నారు. ఆయనకు అంత నియమం."

మాస్టారు గుమ్మం దాటి ముందుకొచ్చాడు. "మూడేళ్లుగా నా సాధన విన్నది మీరొక్కరే," అని పెద్దమనిషి రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు బొటబొటా రాలాయి. పెద్దమనిషి నోరు తెరిచాడు. భార్య ఆయన వైపు చూసింది. ఆ చూపులో ఆసుపత్రి కుర్చీ ఉంది, రేషను క్యూ ఉంది, రాబోయే ఇరవై ఏళ్ల భోజనాలున్నాయి. పెద్దమనిషి నోరు మూసుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు తన టేపు తీసి తొడుగు కొలిచింది, పెట్టె కొలిచింది. దారం పోగంతైనా తేడా లేదు. "పెట్టె ఎదురుగా లేకుండా ఇంత కచ్చితంగా రాదు," అంది పెద్దమనిషి భార్యతో.

"ఎదురుగానే ఉందిగా మేడమ్, నిన్నటినుంచి. కుట్టడానికే టైము దొరకలేదు. మీరు వీధిలో పిండి డబ్బాలు చూస్తున్నంతసేపూ దొరికింది."

ఇన్‌స్పెక్టరు పెదవి చివర ఏదో కదిలి ఆగిపోయింది. "సరే. ఫిర్యాదు మూసేద్దాం," అని, మాస్టారు వైపు తిరిగింది. "గొళ్లెం పెట్టి వెళ్లే ఇంట్లో ఇంత విలువైన పెట్టె ఉంచడం క్షేమం కాదు మాస్టారూ. ఈ కొట్టులోనే పెట్టుకోండి. ఎదురుగా స్టేషనుంది. పొద్దునా సాయంత్రం ఇక్కడే వాయించుకోండి. ఆయనకూ ఇష్టమే కదా." తరువాత పెద్దమనిషి వైపు చూసి, "నా కుడికాలు కూడా సరిచేయండి," అంది.

న్యాయశాస్త్రంలో శిక్షలు అనేకం. నిందితుణ్ణి గౌరవిస్తూ, ఫిర్యాదిని సంతోషపెడుతూ, ఒక్క కాగితం ఖర్చు లేకుండా వేసే శిక్ష మాత్రం అరుదు.

రైటరు నాలుగు వందల పన్నెండో పంచనామా ముక్కాలిపీట మీద పెట్టుకుని రాశాడు. పెద్దమనిషి జీవితంలో మొదటిసారి సంతకానికి ముందు చదివాడు. శైలి గంభీరంగా ఉంది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. తన చిరునామా తప్ప అందులో నిజమన్నది లేదు. గౌరవనీయుడు అన్న మాట మూడుసార్లు వచ్చింది. నోట్లోంచి సూదులు తీసి, సంతకం పెట్టాడు.

మర్నాడు ఉదయం ఏడింటికి మాస్టారు చాప పట్టుకుని కొట్టుకు వచ్చాడు. ఎర్ర తొడుగు తీసి, నాలుగు మడతలుగా మడిచి పక్కన పెట్టి, పెట్టెను గాలి బాగా ఆడేలా వీధివైపు తిప్పుకున్నాడు. సరిగమలు రోడ్డు దాటాయి. స్టేషను కిటికీలో నుంచి లోపలికి వెళ్లాయి. అయిదో మెట్టు దగ్గర ఆగాయి. మళ్లీ మొదలయ్యాయి.

మూడోనాటికి స్టేషను కిటికీలు మూశారు. అయిదోనాటికి తలుపు మూశారు. వారం తిరిగేసరికి లాకప్పులోని పాత దొంగ ఒకడు తనను త్వరగా జైలుకు పంపించమని అర్జీ పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు ఉదయంపూట గస్తీ తానే స్వయంగా తిరగడం మొదలుపెట్టింది. ఇప్పుడామె రెండు కాళ్లూ సమానంగానే ఉన్నాయి. ఆ శనివారం రైటరు చెవుల్లో దూది పెట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు.

"బాబాయ్, మీ కాళ్లు పట్టుకుంటాను. చిన్న కాగితం రాసినా అయిదో అక్షరం దగ్గర చెయ్యి ఆగిపోతోంది. మేమంటే ఆయన వినడు. మీరు ఒక్క మాట గట్టిగా అనండి."

పెద్దమనిషి మిషను ఆపాడు. పక్కనే మాస్టారు కళ్లు మూసుకుని, నాలుగో స్వరం మీద ఊగుతున్నాడు. వెనకగది తెర చాటున భార్య గాజుల చప్పుడు ఆగింది.

"నేనా?" అన్నాడు పెద్దమనిషి, సూదులు పెదవుల మధ్య జాగ్రత్తగా సర్దుకుని. "నేను అరవకూడదు కదయ్యా."